మన నెత్తురు సంగతి

అశోక్‌నగర్, హైదరాబాద్
18 జూన్ 2024

తమ్ముడు ఉమాకాంత్‌కు,

మన ఇంటి వాట్సాప్ గ్రూపులోంచి నువ్వు వెళ్లిపోయి నేటికి పన్నెండు రోజులు. ఫోన్ చేస్తే రెండో నిమిషానికే ఇద్దరి గొంతులూ లేస్తున్నాయి. అందుకని ఇవాళ చిక్కడపల్లి పోస్టాఫీసుకు వెళ్లి అర డజను కవర్లు కొనుక్కొచ్చాను. కాగితం మీదైతే నువ్వు నా మాటకు అడ్డం రాలేవు. డెబ్బై ఒకటో ఏట అక్కకు ఈ తెలివి వచ్చిందని మరదలు మాధురికి చెప్పు, నవ్వుకుంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు మన సందులోంచే నడిచాను. నాన్న కాగితాల దుకాణం ఉన్నచోట ఇప్పుడు కోచింగ్ పిల్లల హాస్టల్. మేడ మీద బనియన్లు ఆరేసి ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో ఆ దుకాణం వెనక గదిలో నువ్వూ నేనూ నోటుబుక్కులకు లేబుళ్లు అంటించేవాళ్లం గుర్తుందా? నువ్వు మైదా బంక వేలితో నాకేవాడివి. సాయంత్రం నాన్న ఇచ్చిన పావలాలతో నారాయణగూడలో డబల్ డెక్కర్ బస్సెక్కి, పై అంతస్తులో ముందు సీటు కోసం కొట్టుకునేవాళ్లం. లైబ్రరీలో నేను చదువుకుంటుంటే నా జడ పట్టుకుని బెంచీ మీద నిద్రపోయేవాడివి. నేను లేచి వెళ్లిపోతానని భయం నీకు.

అసలు సంగతి రాస్తాను. మొన్న జగదీశ్వర్ గారు వచ్చారు. మన కుల సంఘం నగర అధ్యక్షుడు కదా, నీకు బాగా తెలుసు. జులై 14 ఆదివారం నారాయణగూడలో హాలు తీసుకుని వైద్య సదస్సు పెడుతున్నారట. "మన ఆడబిడ్డ, ఇంత పెద్ద సైంటిస్టు. మన నెత్తురు గురించి మీరే చెప్పాలె" అన్నారు. ముప్పై రెండేళ్లు జన్యుశాస్త్ర ప్రయోగశాలలో పనిచేశాను. అన్నేళ్లలో సంఘం నన్ను పిలిచిందీ లేదు, నేను వెళ్లిందీ లేదు. ఈసారి ఒప్పుకున్నాను. మనవాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, చాలా ఆలస్యమైంది.

నువ్వూ రా. సంఘం జిల్లా కార్యదర్శివి, ముందు వరసలో కూర్చోబెడతారు.

నీ అక్క
దమయంతి


నిజామాబాద్
1 జులై 2024

అక్కా,

నీ ఉత్తరం మాధురే ముందు చదివింది. బంక సంగతి దగ్గర నవ్వింది. ఇంత వయసు వచ్చినా నా పరువు తీయడం నువ్వు మానలేదు.

నేను రాలేను. బిడ్డ అనూహ్యకు నెల రోజులుగా కడుపులో నొప్పి. తిన్న గంటకు కుడివైపు పట్టేసినట్టు అవుతోందట. బ్యాంకుకు సెలవు పెట్టి మా దగ్గరే ఉంది. స్కానింగ్ తీయించాలి.

సదస్సు సంగతి జగదీశ్వర్ అన్న నాకూ చెప్పాడు. అక్కా, ఒక్క మాట. కోపం తెచ్చుకోకు. రెండు వేల ఏళ్లుగా మనవాళ్లు బయటివాళ్లతో పెళ్లిళ్లు కలుపుకోలేదని మీ సైన్సే తేల్చింది. ఆ వార్త వచ్చినప్పుడు మా సంఘంలో స్వీట్లు పంచాం. దండయాత్రలొచ్చాయి, నవాబులొచ్చారు, మనం మాత్రం మన నెత్తురు అలాగే కాపాడుకున్నాం. పిల్లలకు ఆ గర్వం ఉండాలి. నువ్వు వెళ్లి అందులో వంక పెట్టకు. గ్రూపులో నేను కోపం తెచ్చుకున్నదీ అందుకే. ఇదే మాట రాసి నేను పెట్టిన పోస్టు కింద, అందరి ముందు, "ఇది తప్పు" అని రెండు ముక్కల్లో కొట్టిపారేశావు. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం మీద ఎర్ర పెన్నుతో గీసినట్టు.

సీతాఫలాల కాలం రాగానే పంపిస్తాను.

ఉమాకాంత్


అశోక్‌నగర్
20 జులై 2024

ఉమాకాంత్,

ఎర్ర పెన్ను మాట నిజమే. పదిమందిలో అలా రాయకూడదు. తప్పు నాదే.

సదస్సు జరిగింది. రెండు వందల మంది వచ్చారు. మొదట పాత సంగతి చెప్పాను. ఒకప్పుడు ఈ దేశంలో అందరూ అందరితోనూ కలిశారని, మనలో ఉన్న పాత వంశాలే మన వీధి ఊడ్చేవాళ్లలోనూ ఉన్నాయని, పాళ్లు మాత్రమే తేడా అని. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత, ఎప్పుడో మనం చుట్టూ గోడ కట్టుకుని లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం మొదలుపెట్టామని చెప్పాను. చప్పట్లే చప్పట్లు! అవి ఆగేదాకా నిలబడి మిగతాది చెప్పాను.

గోడ లోపల మంచి నిలిచినట్టే లోపమూ నిలుస్తుంది. ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు కండరాలు సడలడానికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. మామూలు మనిషి ఒంట్లో అది ఐదారు నిమిషాల్లో అరిగిపోతుంది. మనవాళ్లలో కొందరికి దాన్ని అరిగించే పదార్థం లేదు. మిగతా జనంలో వేలల్లో ఒకరికి ఉండే ఈ లోపం మనలో ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్లు గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు. పక్కనున్నవాళ్లకు తెలియకపోతే ప్రాణం పోతుంది. తెలిస్తే ఏమీ కాదు, వేరే మందు వాడతారు. ఒక్క రక్తపరీక్ష చాలు. ఇంతే నేను చెప్పింది.

మధ్యలో ఒకాయన లేచాడు. "అంటే మా నెత్తురుల రోగమున్నదంటరా? ఈ మాట బయటికి పోతే మా పిల్లలకు సంబంధాలెట్ల కుదురుతయ్?"

"సంబంధాలు కాదండీ, ఆపరేషన్ గురించి..." అంటుండగానే జగదీశ్వర్ గారు మైకు అందుకున్నారు. "అమ్మ జర అలిసిపోయిన్రు. భోజనాలు రెడీ ఉన్నయ్, అందరు పైకి పోండ్రి."

కిందికి దిగితే మెట్ల దగ్గర ప్రేమ్‌సాగర్. గుర్తున్నాడా? మా పాత వామపక్ష స్టడీ సర్కిల్ ప్రేమ్‌సాగర్, గోడల మీద నినాదాలు రాసేవాడు. వెనక వరసలో కూర్చుని అంతా విన్నాడట. వాడికీ కోపమే.

"కులమనేది మనిషి కట్టిన అబద్ధమని నలభై ఏండ్లు చెప్పినం దమయంతీ. నువ్వొచ్చి దానికి జన్యువు అంటగడ్తవా? రేపు దీన్నే వాళ్లు జెండా చేస్తరు."

"నేను చెప్పింది ఒక ఇంజెక్షన్ గురించి."

"నువ్వేం చెప్పినవో కాదు, వాళ్లేం వింటరో చూడు."

పైన ఉన్నవాళ్లకు నేను కులాన్ని అవమానించాను. కింద ఉన్నవాడికి కులాన్ని నిలబెట్టాను. ఆ ఇంజెక్షన్ పేరు మాత్రం ఒక్కరూ రాసుకోలేదు.

నిన్న సంఘం మాసపత్రిక వచ్చింది. అందులో నా మీద పేజీన్నర వ్యాసం. రాసినవారి పేరు 'ఒక కులాభిమాని'. 'తండ్రి గల్లా మీద కూర్చోవడానికి సిగ్గుపడిన విదుషీమణి' అని ఉంది. ఎమ్మెస్సీ ఫలితాలు వచ్చిన రోజు వెనక గదిలో నాన్నతో "నేను గల్లా మీద కూర్చోను" అన్నాను. ఆ మాట విన్నవాళ్లు ఇద్దరే. ఒకరు నాన్న. రెండోవాడు మూలన కూర్చుని లేబుళ్లు అంటిస్తున్నాడు.

రాసినవాడికి తెలుగు చక్కగా వచ్చు. నాన్న చూస్తే సంతోషించేవారు.

అనూహ్య స్కానింగ్‌లో ఏం తేలింది?

దమయంతి


నిజామాబాద్
30 ఆగస్టు 2024

అక్కా,

రాసింది నేనే. పేరు పెట్టకపోవడం పిరికితనం. దానికి సిగ్గుపడుతున్నాను. రాసిన విషయానికి కాదు.

నీకు కులం పుస్తకాల్లో కనిపించిన తప్పు. నాకు అది అలా కనిపించలేదు. నాన్న పోయినప్పుడు నాకు ఇరవై ఒక్క ఏళ్లు. నువ్వు ఢిల్లీలో ఏదో మహాసభలో ఉన్నావు. మూడో రోజు వచ్చావు. ఆ మూడు రోజులూ, ఆ తర్వాత తొమ్మిది రోజులూ మన ఇంట్లో పొయ్యి వెలిగించినవాళ్లు, అమ్మ దగ్గర వంతులేసుకుని పడుకున్నవాళ్లు, దుకాణం మూతపడకుండా నా పక్కన కూర్చున్నవాళ్లు ఎవరు? నీ స్టడీ సర్కిలా? కాచిగూడ నుంచి, సుల్తాన్‌బజార్ నుంచి మనవాళ్లే వచ్చారు. ఎవరూ పిలవలేదు. అదీ నాకు తెలిసిన కులం. దాన్ని రోగం అని మైకు పెట్టి చెబితే నాకు మండుతుంది.

అనూహ్యకు పిత్తాశయంలో రాళ్లు. తీసేయాలన్నారు. సెప్టెంబర్ 26న ఇక్కడే ఆపరేషన్. నీ పరీక్ష చేయించం. ఎందుకో కూడా చెబుతాను. 1988లో అపెండిసైటిస్ ఆపరేషన్ తర్వాత మాధురి ఎనిమిది గంటలు లేవలేదు. మత్తు ఎక్కువ ఇచ్చారని డాక్టర్లను తిట్టుకున్నాం. ఇప్పుడు పరీక్ష అంటే, తప్పు వాళ్లది కాదు, మాధురి నెత్తురుదే అని చెప్పడం. ఆ మాట నా నోటితో దానితో అనలేను. పైగా అది మన మేనమామ కూతురు. దాని నెత్తురంటే అమ్మ నెత్తురే.

ఉమాకాంత్


అశోక్‌నగర్
5 సెప్టెంబర్ 2024

ఉమాకాంత్,

నిన్నటి నుంచి నీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అనూహ్య ఎత్తింది. ఆ పరీక్ష పేరు చెప్పి రాసుకోమన్నాను, మత్తు డాక్టరుకు తప్పకుండా చూపించమన్నాను. "ఎందుకత్తా?" అని అడిగింది. "మీ నాన్నకు రాస్తాను" అన్నాను. ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను, రేపు నీ చేతికి అందుతుంది.

నాన్న విషయంలో నువ్వు రాసింది నిజం. ఆ పన్నెండు రోజులు నేను చూసిన దానికంటే నువ్వు చూసింది పెద్దది.

ఇక నాది విను. 1986లో ప్రయోగశాలలో నాకు ఒక పని అప్పగించారు. చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లు తిరిగి రకరకాల జనం దగ్గర రక్తం సేకరించాను. మనవాళ్లవి నూట ఎనభై. వాటిలో పదకొండు మందికి ఆ అరిగించే పదార్థం దాదాపు లేదు. మొదట పరికరం పాడైందనుకున్నాను. మళ్లీ చేశాను. మూడుసార్లు చేశాను. అదే లెక్క.

ఆ వారం స్టడీ సర్కిల్‌లో ప్రేమ్‌సాగర్‌కు చెప్పాను. "ఇది బయట పెడితే కులానికో నెత్తురుందని నువ్వే ముద్ర కొట్టినట్టు" అన్నాడు. వాడి మీదకు తోయడం లేదు. నేనూ అదే అనుకున్నాను. వాడు అనకపోయినా అనుకునేదాన్ని. ఆ రోజుల్లో మనుషులంతా ఒక్కటే అన్న మాట నాకు ఊపిరి. దానికి అడ్డొచ్చిన అంకెను నేను చూడలేకపోయాను. నమూనాలు చాలవని రిపోర్టులో రాసి, ఆ ఫైలు బీరువాలో పెట్టేశాను. ఇరవై ఏళ్ల తర్వాత వేరెవరో కనిపెట్టి ప్రచురించారు. నేను అభినందిస్తూ ఉత్తరం కూడా రాశాను.

1988లో మాధురిని చూడటానికి ఆసుపత్రికి వచ్చాను కదా. గదిలో అడుగుపెట్టగానే నాకు అర్థమైంది. నిన్ను టీకి పంపించి, మత్తు డాక్టరును పక్కకు పిలిచి సంగతి చెప్పాను. గాలి కొట్టడం ఆపొద్దని, తనంతట తనే లేస్తుందని. ఆయన విన్నాడు. మాధురి లేచింది. నువ్వు టీ తెచ్చి నా చేతిలో పెట్టి, "అక్కా, నువ్వొచ్చినంక లేచింది" అని ఏడ్చావు. నేను నీకు చెప్పలేదు. రెండేళ్ల ముందే తెలుసని చెప్పాల్సి వస్తుందని చెప్పలేదు.

గ్రూపులో నువ్వు పెట్టిన పోస్టు తప్పే. నీకు నచ్చిన సగం తీసుకుని మిగతా సగం పారేశావు. నేను చేసిందీ అదే. నీ పోస్టు వల్ల ఎవరి ఊపిరీ ఆగలేదు.

ఆ పరీక్ష చేయించు. నా మీద కోపం అనూహ్య మీద చూపించకు.

దమయంతి


నిజామాబాద్
14 అక్టోబర్ 2024

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నెల దాటింది. ముందు మంచి వార్త. పరీక్ష చేయించాం. అనూహ్యకు ఆ పదార్థం చాలా తక్కువ అని వచ్చింది. మత్తు డాక్టరమ్మ కాగితం చూసి, "ముందే తెచ్చిన్రు, మంచిగయింది. ఆ మందు జోలికే పోం" అంది. ఆపరేషన్ సాఫీగా జరిగింది. అరగంటలో కళ్లు తెరిచి టీ అడిగింది. ఇవ్వలేదని అలిగింది కూడా.

ఇక మాధురి సంగతి. నీ ఉత్తరం దాచుదామనుకున్నాను. ఇరవై రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ఆసుపత్రిలో అనూహ్య నిద్రపోతుండగా మాధురి చేతికి ఇచ్చేశాను. చదివింది. మడిచింది. "ఇది నాకు తెల్సు" అంది.

"ఏం తెల్సు?"

"వదినకు తెల్సని తెల్సు. ఆ దినం నాకు మత్తు దిగిపోయింది. కాలు కదలదు, చెయ్యి కదలదు, కన్ను తెరుచుకోదు. కానీ అన్ని ఇనవడుతున్నయ్. ఒక నర్సు 'ఇంక లాభం లేదేమో' అన్నది గూడ ఇన్న. గప్పుడు వదిన వచ్చింది. 'మందు అరుగుతలేదు, గాలి ఆపకండి, ఈమె లేస్తది' అని డాక్టరుకు చెప్పింది. నేను దేవునికి గాదు, ఆ మాటకు మొక్కుకుంట పండుకున్న."

అక్కా, ముప్పై ఆరేళ్లు ఒకే కంచం, ఒకే మంచం. ఈ మాట నాకు ఒక్కసారీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే నువ్వు పోయి ఆమెతోని లడాయి పెట్టుకుంటుంటివి. మీ ఇద్దరికి గంతకంటె వేరే పనేమున్నది?" అంది.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని లెక్క వేసుకున్నాను. నువ్వు నోరు విప్పి ఉంటే అది ఆ ఎనిమిది గంటలు పడేది కాదు. నువ్వు ఆ గదిలోకి రాకపోతే ఇవాళ మాధురి లేదు, అనూహ్య లేదు. ఈ రెండింటినీ తక్కెడలో పెట్టి తూచడం నాకు చేతకాలేదు. వదిలేశాను.

ఇంకొకటి చేశాను. మాసపత్రికకు మళ్లీ వ్యాసం రాశాను. ఈసారి నా పేరుతో, నా భార్యాబిడ్డల సంగతితో, ఇంజెక్షన్ పేరుతో. మనవాళ్లంతా పరీక్ష చేయించుకోండని. జగదీశ్వర్ అన్న ఫోన్ చేశాడు.

"సెక్రటరీ సాబ్, గిది అచ్చేస్తే మన పిల్లలను ఎవరు చేసుకుంటరు?"

"మనోళ్లే గదన్నా చేసుకునేది. బయటోళ్లను మనమెప్పుడు రానిచ్చినం?" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. వ్యాసం వేయలేదు. కార్యదర్శి పదవికి వేరే మనిషిని చూస్తున్నారని విన్నాను. నేను దాన్ని ఐదు వందల కాపీలు జిరాక్స్ తీయించి, ఇక్కడి నా దుకాణానికి వచ్చిన ప్రతి మనవాడి చేతిలో పెడుతున్నాను. కొందరు చదువుతున్నారు. ఒకాయన నా కళ్లముందే చింపేశాడు. సంఘం మీద నా ప్రేమ పోలేదక్కా. పోదు. ఆ పన్నెండు రోజులు ఎలా పోతాయి? ప్రేమ ఉంది కాబట్టే పంచుతున్నాను.

మాధురి నీ దగ్గరికి వస్తానంటోంది. నన్ను రావద్దంటోంది.

ఉమాకాంత్


అశోక్‌నగర్
9 డిసెంబర్ 2024

ఉమాకాంత్,

కాచిగూడ స్టేషన్‌కు నేనే వెళ్లాను. మాధురి రైలు దిగి, నా కాళ్లు చూసి, "ఇంత వాచినయేంది వదినా?" అంది. మొదటి మాట అదే. ఆటో ఎక్కాం. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద నుంచి కిందికి చూపిస్తూ, పెళ్లైన కొత్తలో నువ్వు తనకు మొదటిసారి ఇరానీ చాయ్ తాగించిన హోటల్ ఎక్కడుండేదని అడిగింది. వెతికాం. దొరకలేదు.

ఇంటికొచ్చాక నేను క్షమించమనబోయాను. ఆపేసింది.

"ఆ రోజు నీ గొంతు ఇన్నంక నాకు భయం పోయింది. దానికి నేను నీకు బాకీ. కానీ తర్వాత నువ్వు మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చినవ్. నా చేతి వంట తిన్నవ్. ఒక్కనాడు చెప్పలే. నేను అడుగుతనేమోనని నా కండ్లల్ల చూడకపోతుంటివి. కోపం దానికి."

"ఇప్పుడు చెబుతాను."

"చెప్పు. మొత్తం చెప్పు."

మధ్యాహ్నమంతా చెప్పాను. పప్పు మాడింది. చివర్న ఒకటే అడిగింది. "ఆ పదకొండు మంది ఎవరు? వాళ్లకు చెప్పినవా?"

బీరువాలోంచి ఫైలు తీశాను. పేర్లున్నాయి, ఇంటి నంబర్లున్నాయి. ఎవరికీ చెప్పలేదు. సదస్సులో రెండు వందల మందికి ఉపన్యాసం ఇచ్చానే గాని ఈ పదకొండు తలుపుల్లో ఒక్కటీ తట్టలేదు. మాధురి చెప్పులేసుకుంది.

ఇవాళ్టికి తొమ్మిది రోజులుగా తిరుగుతున్నాం. నాన్న ఉన్నప్పుడు కూడా ఈ సందులు ఇంత తిరగలేదు. ఒక ఇల్లు కోచింగ్ సెంటరైంది. ఇంకొకటి అపార్ట్‌మెంట్. వాచ్‌మన్ ఎంకయ్యది మహబూబ్‌నగర్ వైపు. పాత ఓనర్ల మనవరాలి నంబరు తన ఫోన్‌లోంచి వెతికి ఇచ్చాడు. నలుగురు పోయారని తెలిసింది. ముగ్గురిది వయసు, జబ్బు. నాలుగో ఆమె నర్మద. 1997లో, థైరాయిడ్ ఆపరేషన్ బల్ల మీద. నలభై రెండేళ్లు. ఎందుకు పోయిందో ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ తెలియదు. కారణం అదేనని నేనూ రుజువు చేయలేను. నర్మద చెల్లెలికి అన్నీ చెప్పి, పిల్లలకు పరీక్ష చేయించమన్నాను. నా ఫైలు సంగతి కూడా చెప్పాను. ఆమె తలుపు వేసేసింది. మాధురి నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆ రోజు ఇంకో ఇంటికి వెళ్లలేకపోయాను. ఆ తలుపు ఎప్పటికీ మూసే ఉంటుంది తమ్ముడూ. ఉండాలి కూడా.

నిన్న చిక్కడపల్లిలో ఫణీంద్ర గారి ఇల్లు దొరికింది. అప్పట్లో నారాయణగూడ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఇప్పుడు ఎనభై మూడేళ్లు. వచ్చే నెల తొడ ఎముక ఆపరేషన్ ఉందట. వాకర్ పట్టుకుని తలుపు దాకా వచ్చారు. నా పేరు, ప్రయోగశాల పేరు చెప్పాను. 1986లో మీ రక్తం తీసుకున్నది నేనేనండీ అన్నాను. నన్ను ఎగాదిగా చూశారు.

"రిపోర్టు వారంల ఇస్తమన్నరు గదమ్మా" అన్నారు. "మూడుసార్లు వచ్చి అడిగిన. ఇంకా రాలేదన్నరు."

"వచ్చిందండీ" అన్నాను. "తెచ్చాను."

ఇంకా ఆరుగురు ఉన్నారు. మాధురిని అప్పుడే పంపను.

దమయంతి